కారును కొనుట, కారును మేపుట

గ్రామ గ్రంథాలయమునకు ఉదయముననే వచ్చు పాఠకుడు దినపత్రికను విప్పగానే తరచుగా ఆయన కంటబడునది వార్త కాదు, పుట నిండ పరచిన కారు బొమ్మ. బొమ్మ క్రింద పెద్ద అక్షరములలో ధర. ధర ప్రక్కన ఒక నక్షత్రపు గుర్తు. పుట అడుగున చీమ తలకాయలంత అక్షరములలో ఆ గుర్తునకు వివరణ. పెద్ద అక్షరములను అందరును చదువుదురు. చిన్న అక్షరములను చదువుటకు తీరిక కావలెను, ఓపిక కావలెను, కొంత అనుమానమును కావలెను. ఈ ప్రసంగమునకు వస్తువు ఆ చిన్న అక్షరములలో నున్నదియు, అక్కడను వ్రాయక విడిచినదియు.

కారు విలాసవస్తువని త్రోసివేయుట పట్టణవాసికి సులభము. ఇంటి ముందే ఆటో, వీధి మలుపున బస్సు ఉన్నవాడు ఎన్ని నీతులైనను చెప్పగలడు. రాత్రివేళ గుండెనొప్పి వచ్చిన తండ్రిని ఇరువది మైళ్ళ దూరమున నున్న ఆసుపత్రికి చేర్చవలసిన పల్లెటూరి ఇంటివారికి కారు విలాసము కాదు. వానలో తడియుచు పసిబిడ్డతో మోటారు సైకిలుపై పోవు దంపతులకును అది విలాసము కాదు. కావున కారు కొనవలెనా, కొనరాదా అనునది ఇచ్చట ప్రశ్న కాదు. ఎంతటి కారు, ఎప్పుడు, ఎవరి సొమ్ముతో అనునదియే ప్రశ్న.

ఎడ్ల జతను కొనదలచిన రైతు సంతకు బయలుదేరుటకు ముందు తన గడ్డివామి వంక ఒకమారు చూచుకొనును. వేసవి గడచువరకు మేత చాలునా, చాలదా అని లెక్క వేసికొనును. సంతలో పండ్లు పట్టి చూచును, సుడులు చూచును, నడిపించి చూచును, కాడి కట్టి చూచును. పశువుల మర్మము తెలిసిన పెద్దవాని నొకనిని వెంటబెట్టుకొని పోవును. ఆ రైతు కుమారుడే కారు కొనుటకు పోయినపుడు రంగును చూచును. ఇది పరిహాసమునకు చెప్పిన మాట కాదు. తరతరములుగా వచ్చిన బేరపు నేర్పు షోరూము గుమ్మము దాటగానే మాయమగుట చూచుచున్నదే. ఎద్దునకు మేత కావలెనని అందరకును తెలియును. కారును మేయునని జ్ఞాపకము రాదు.

పూర్వము ఈ మతిమరపునకు అవకాశము తక్కువ. కలకత్తా చెంత ఉత్తరపారాలో 1957 ప్రాంతమున మొదలై 2014 వరకు తయారైన అంబాసిడరు, బొంబాయిలో తయారైన ప్రీమియర్ పద్మిని — ఇంచుమించు ఈ రెంటితోనే దేశము దశాబ్దముల తరబడి సరిపెట్టుకొనెను. సొమ్ము కట్టి పేరు నమోదు చేయించుకొని ఏండ్ల కొలది వేచియుండవలసి వచ్చెడిది. ఆ నిరీక్షణను అందరును తిట్టిరి, తిట్టదగినదే. కాని వేచియున్న ఆ సంవత్సరములలో మిగిలిన సొమ్ము చేతిలో చేరెడిది. కారు ఇంటికి వచ్చు నాటికి అప్పు స్వల్పము. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ మొదటి మారుతీ 800 తాళపుచెవులను కొన్నవానికి అందించిన పిదప మధ్యతరగతి ఇంటికి చిన్నకారు ఆశ కలిగినది. 1991 తరువాత కంపెనీలు పెరిగినవి, అప్పిచ్చువారు పెరిగిరి, నిరీక్షణ పోయినది. దానితోపాటు నిరీక్షణ నేర్పిన పొదుపును పోయినది.

మరియొక ముచ్చట. 2008 జనవరిలో టాటావారు లక్ష రూపాయల కారనుచు నానోను లోకమునకు చూపిరి. 2009 నుండి అది రోడ్డుపైకి వచ్చెను; 2018లో తయారీ ఆగిపోయెను. అన్నిటికంటె చవుకకారు అను ప్రచారమే దానికి చేటు తెచ్చినదని రతన్ టాటాయే తరువాత అంగీకరించిరి. లక్ష రూపాయల కారెక్కుటకు నామోషీ పడిన జనమే ఏడేండ్ల అప్పుతో పది లక్షల కారెక్కుటకు నామోషీ పడలేదు. కొనుగోలులో అవసరమెంత, ఇరుగుపొరుగు కన్నులెంత అనునది దీనివలన తెలియుచున్నది. పెండ్లిండ్లలో ఇది మరింత స్పష్టము. కట్నము నిషిద్ధమని 1961లోనే చట్టము చేయబడినను, కారు కానుక పేర అల్లుని గుమ్మము చేరుచునే యున్నది. మామగారు ఏనుగునిచ్చి చేతులు దులుపుకొనును. నెలకు ఇరువది వేలు తెచ్చుకొను అల్లుడు దానికి అరటిబోదెలు వెదకుకొనవలెను. మామగారు పొలము కుదువబెట్టి ఆ కానుక నిచ్చియుండినచో అచ్చట రెండు కుటుంబములు ఒకే కారు క్రింద పడినవన్నమాట.

ఇక లెక్కలకు వత్తము. పత్రికలోని పెద్ద అక్షరముల ధర షోరూము ధర. దానిపై జీవితకాలపు పన్ను, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు చేరును. ఆపైన సీటు తొడుగులు, చాపలు, పాటల పెట్టె. ఇవి ఒక్కొక్కటి చిన్నవియే, కలిపినచో చిన్నవి కావు. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్నకారులపై జి.ఎస్.టి. 28 శాతమునుండి 18 శాతమునకు తగ్గినది. కొనువారికి అది మేలే. కాని ధర తగ్గిన మేరకు అప్పును తగ్గించుకొనువారు కొందరు, అదే అప్పుతో ఇంకొక మెట్టు పెద్ద కారు కొనువారు మరికొందరు. రెండవవారికి పన్ను తగ్గినందువలన కలిగిన లాభ మేమియు లేదు.

అన్నిటికంటె గట్టిగా ఆలోచింపవలసినది నెలవాయిదా సంగతి. దీనినే అందరును ఈ.ఎం.ఐ. అనుచున్నారు. ఉద్యోగికి నెలకొకమారు జీతము వచ్చును, నెలకొకమారు వాయిదా పోవును. రాకకును పోకకును జత కుదిరినది. సేద్యగానికి అట్లు కాదు. డెల్టాలో సార్వా పంట సొమ్ము ఒకమారు, దాళ్వా పంట సొమ్ము ఒకమారు చేతికి వచ్చును. యాసంగికి నీరందని తెలంగాణపు పొలములలోను, కోస్తా మెట్టలలోను ఏటికి ఒక్కమారే. వాయిదా మాత్రము పండ్రెండు మారులు వచ్చును. కళ్ళములో ధాన్యము మిసమిసలాడునపుడు కారు కొనుటకు పోయినవానికి ఇది తోచదు. చేతిలో సొమ్మున్నది, మొదటి వాయిదాలు సులభముగా పోవును. నాట్ల కాలము వచ్చును. విత్తనములు, దమ్ము, కూలీలు, ఎరువులు అన్నియు ఒకే మాసమున అడుగును. అదే మాసమున కారును అడుగును. అప్పుడు మొదట కుంటుపడునది పొలమే గాని కారు కాదు. ఏలననగా వాయిదా తప్పినచో అప్పిచ్చినవాడు మరునాడే ఫోను చేయును, పొలము ఫోను చేయదు.

రైతు ఇంట దొరకు సొమ్ములో చవుకయైనది పంటఋణము. మూడు లక్షల రూపాయల వరకు తీసికొనిన స్వల్పకాలిక పంటఋణమును సకాలమున తీర్చినచో, కేంద్రప్రభుత్వపు రాయితీలు పోను 4 శాతము వడ్డీయే పడును. ఆ సొమ్మును కారు వాయిదాలకు మళ్ళించినవాడు ఎరువుల దుకాణములో అరువు తెచ్చుకొనవలసివచ్చును. ఆ అరువుపై వడ్డీ ఎంతయో, పంట వచ్చిన పిదప ధర నిర్ణయించువాడెవడో సేద్యగానికి వేరుగ చెప్పనక్కరలేదు. చవుక సొమ్ముతో కారును మేపి, ఖరీదు సొమ్ముతో పొలమును సాగుచేయుట ఇదియే.

వాయిదా చిన్నదిగా కనబడుటకు కాలమును సాగదీయుట అప్పిచ్చువారి సామాన్యమైన ఉపాయము. ఆరు లక్షల రూపాయల అప్పును 9 శాతము వడ్డీపై తీసికొన్నారనుకొందము. నాలుగేండ్లలో తీర్చినచో నెలకు సుమారు 14,930 రూపాయలు పడును. మొత్తము వడ్డీ సుమారు 1,17,000. ఏడేండ్లకు సాగదీసినచో నెలకు 9,650 మాత్రమే. వడ్డీ సుమారు 2,11,000. నెలకు అయిదు వేలు తగ్గినదను సంతోషమునకు ధర 94,000 రూపాయలు. అంతేకాదు. ఏడేండ్ల అప్పులో మొదటి రెండేండ్లు తప్పక కట్టినవాడు 2,31,000 రూపాయలు చెల్లించియుండును. అసలు తగ్గినది 1,35,000 మాత్రమే. ఆ రెండేండ్లలో కారు విలువ ఎంత తగ్గునో ఇన్సూరెన్సు కంపెనీలు పాటించు పట్టికయే చెప్పును: కొత్త కారు ధరలో ఆరు మాసములలోపున 5 శాతము, సంవత్సరములోపున 15, రెండవ సంవత్సరములో 20, మూడవ దానిలో 30, నాల్గవ దానిలో 40, అయిదవ దానిలో 50. అనగా అయిదవ ఏట కారు సగము కారు. అప్పు మాత్రము తన లెక్క ప్రకారమే నడచును.

కొందరు వ్యాపారులు 7 శాతము వడ్డీయే అని చెప్పుదురు గాని అది ఫ్లాటు వడ్డీ అని నెమ్మదిగా చెప్పుదురు. ఫ్లాటు వడ్డీలో, తీరిన అసలుపైన గూడ కడవరకు వడ్డీ పడుచునే యుండును. అయిదు లక్షలు అయిదేండ్లకు 7 శాతము ఫ్లాటు వడ్డీపై తీసికొన్నచో వడ్డీ 1,75,000. నెలకు 11,250 రూపాయలు. తగ్గుచున్న అసలుపై కట్టుచూచినచో అది ఏటికి పండ్రెండున్నర శాతమునకు సమానము. పల్లె లెక్కలో చెప్పినచో నూటికి నెలకు రూపాయి వడ్డీని మించినది. ఊరిలో నూటికి రూపాయి వడ్డీకి ఎదురింటివానివద్ద తీసికొనుటకు వెనుకాడు మనిషి, షోరూములోని చల్లని గదిలో అంతకు మించిన వడ్డీకి చిరునవ్వుతో సంతకము చేయుచున్నాడు. సంతకమునకు ముందు అడుగవలసిన ప్రశ్న యొక్కటే: ఈ వడ్డీ ఫ్లాటా, తగ్గుచున్న అసలుపైనా? జవాబును కాగితముపై వ్రాయించుకొనవలెను.

సంతకముల మాట వచ్చినది గనుక జామీను సంగతియు చెప్పవలసియున్నది. పల్లెలో ఒకరి అప్పునకు మరియొకరు జామీను నిలుచుట స్నేహధర్మముగా భావింపబడుచున్నది. బావమరది అడిగినపుడు, బాల్యమిత్రుడు అడిగినపుడు కాదనుట కష్టము. కాని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము, 128వ సెక్షను, వేరు షరతు వ్రాసికొననిచో జామీనుదారుని బాధ్యత అప్పు తీసికొన్నవాని బాధ్యతతో సరిసమానమని చెప్పుచున్నది. అప్పు తీసికొన్నవాడు తప్పినచో జామీనుదారుడే కట్టవలెను. ముందు అతనిని అడుగుడను వాదము సామాన్యముగా చెల్లదు. వాయిదాలు తప్పిన కారును అప్పిచ్చినవారు స్వాధీనము చేసికొని వేలము వేసిన పిమ్మటను, వేలపు సొమ్ము బాకీకి చాలనిచో మిగిలిన బాకీ మిగిలియే యుండును. అనగా కారు పోయినను అప్పు పోదు. ఎన్నడును ఆ కారెక్కనివాడు దానికి వాయిదాలు కట్టవలసి రావచ్చును. ఆ బాకీ ఇరువురి పేరునను ఋణచరిత్రలో నమోదగును. పిమ్మట కుమార్తె చదువునకు బ్యాంకులో అప్పు అడుగుటకు పోయిననాడు ఆ నమోదు ఎదురువచ్చును. ఒకనికి కారుపై మోజు, రెండవవానికి మొగమాటము. ఫలితమును అనుభవించునది మూడవదైన ఆ బాలిక.

ఇక మేత లెక్క. నెలకు 500 కిలోమీటర్లు తిరుగు కారు లీటరునకు 18 కిలోమీటర్లిచ్చిన యెడల, లీటరు 110 రూపాయలు అనుకొన్నచో పెట్రోలునకు మూడు వేలు దాటును. ఇన్సూరెన్సు, సర్వీసింగు, ఎప్పుడో మార్చవలసిన టైర్లు, బ్యాటరీ వీనికై నెలకు మూడు వేలు వేరుగ నుంచుట న్యాయము. ఇవి నెలనెలా అడుగవు గనుక లేవనిపించును. నాలుగు టైర్లును ఒకే సంవత్సరమున అరుగును, బ్యాటరీ పెండ్లి ప్రయాణమునాడే మొరాయించును. కావున 9,650 వాయిదా కారు నిజమునకు నెలకు పదునయిదు వేలు దాటిన కారు.

ఈ లెక్క సరిపోవునో లేదో తెలిసికొనుటకు సులభమైన మార్గము కలదు. కారు లేకుండగనే కారును ఒక ఏడాది మేపి చూడవలెను. ఆ పదునయిదు వేలును నెలనెలా బ్యాంకులో రికరింగు డిపాజిట్టుగా కట్టుచు రావలెను. నాట్ల నెలలోను, ఫీజుల నెలలోను, సంక్రాంతి నెలలోను ఆపక కట్టగలిగినవానికి కారును పోషించు శక్తి యున్నదన్నమాట. ఏడాది చివర 1,80,000 రూపాయలకు పైగా మొదటి చెల్లింపునకు చేతిలో నుండును. నడుమ రెండు నెలలు కట్టలేకపోయినవానికి పోయినది ఏమియులేదు; కొద్దిపాటి వడ్డీ తగ్గును. అదే కారు కొన్నపిదప ఆ రెండు నెలలు తప్పియుండినచో కథ వేరు.

తక్కువగా తిరుగు కారు చవుక అనునది మరియొక భ్రమ. ఏడు లక్షల కారు అయిదేండ్లలో సగము విలువ పోగొట్టుకొన్నచో ఏటికి 70,000 తరుగు. ఇన్సూరెన్సు, పోషణ కలిపి 35,000 అనుకొన్నచో పెట్రోలు పోయకముందే ఏటికి 1,05,000. ఏటికి 15,000 కిలోమీటర్లు తిరుగువానికి కిలోమీటరునకు 7 రూపాయలు పడును. తిరుపతికొకమారు, పెండ్లిండ్లకు నాలుగు మారులు, ఆసుపత్రికి కొన్ని మారులు కలిపి 4,000 కిలోమీటర్లు తిరుగువానికి 26 రూపాయలు దాటును. వడ్డీ, పెట్రోలు దీనికి వేరు. ఊరిలో అద్దె కారు కిలోమీటరునకు ఎంత అడుగునో ప్రక్కన వ్రాసి చూచుకొనవచ్చును. పైగా కదలక నిలిచిన కారు క్షేమముగా ఉండదు. బ్యాటరీ నీరసించును, టైర్లు బరువుపడినచోట గట్టిపడును, కోతల కాలమున పొలము విడిచిన ఎలుకలు ఇంజినులోని తీగెలను కొరుకును. వారమునకొకమారైనను కొంతదూరము నడపవలెను.

పోషణలో పొదుపు చేయరాని చోట్లు కొన్ని కలవు. ఇంజిను ఆయిలును కంపెనీవారి పుస్తకములో చెప్పిన గడువునకు మార్చవలెను. వేయి రూపాయలు మిగిల్చి ఇంజినును పోగొట్టుకొన్నవారు ప్రతి మెకానికునకును తెలియుదురు. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గినచో అది నడపదగిన టైరు కాదు. వరదనీటిలో ఆగిపోయిన కారును మరల స్టార్టు చేయరాదు. నీరు చొరబడిన ఇంజినును త్రిప్పుటవలన కలుగు నష్టమును మామూలు పాలసీ సాధారణముగా భరింపదు. అవతలివారికి కలుగు నష్టమునకు ఇన్సూరెన్సు చట్టప్రకారము తప్పనిసరి. సుప్రీంకోర్టు ఉత్తర్వుననుసరించి 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త కారునకు మూడేండ్లకు ఒకేమారు దానిని కట్టుచున్నారు. అది ఉన్నదిగదాయని రెండవ ఏట సొంత కారు నష్టపు ఇన్సూరెన్సును కొందరు మానివేయుచున్నారు. అప్పు తీరని కారునకు అది తగదు. విలువ పూర్తిగా తగ్గిన పాత కారునకైనచో మానినను తప్పులేదు. చిన్న గీతలకు క్లెయిము పెట్టకుండుటయు లాభమే. క్లెయిములేని సంవత్సరములు గడచిన కొలదియు సొంత నష్టపు ప్రీమియములో వరుసగా 20, 25, 35, 45, 50 శాతముల తగ్గింపు లభించును. గడువు దాటి 90 దినములలోపున పాలసీని పునరుద్ధరింపనిచో అదంతయు పోవును.

శక్తికి తగిన కారు చాలమందికి పాత కారే. మొదటి మూడు నాలుగేండ్ల తరుగును వేరొకరు భరించిన కారును కొనుట అవమానము కాదు, తెలివి. కాని ఇచ్చట పాత సంతనేర్పు మరల అక్కరకు రావలెను. నమ్మకమైన మెకానికును వెంట తీసికొనిపోవలెను. సర్వీసింగు కాగితములను చూడవలెను. మీటరు అంకెను నమ్మక, అరిగిన పెడలును చూడవలెను. 2015లో చెన్నైలోను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోను అనేక వాహనములు నీట మునిగినవి. మునిగి తేలిన కారు పైకి నిగనిగలాడవచ్చును. తివాచీ క్రింది బురద, సీటు పట్టాలకు పట్టిన త్రుప్పు, తలుపు వేసి కూర్చున్నపుడు తగులు మురుగువాసన నిజమును చెప్పును. అమ్మువాడును జాగ్రత్తపడవలెను. అమ్మిన 14 దినములలోపున రవాణాశాఖకు తెలియజేయవలెను. కారు చేతులు మారినను ఆర్.సి.లో ఎవరి పేరున్నదో, ప్రమాదపు నష్టపరిహారమునకు వారినే యజమానిగా పరిగణింపవలెనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. స్నేహితునికి అమ్మితిమిగదాయని కాగితములు మార్చక ఊరకున్నవాడు, ఎచ్చటనో జరిగిన ప్రమాదమునకు కోర్టు మెట్లెక్కవలసి వచ్చును.

అప్పు తీరిననాడు మిగిలియుండు పని యొకటి చాలమంది మరచిపోవుదురు. ఆర్.సి.లో అప్పిచ్చినవారి పేర తాకట్టు నమోదై యుండును. కడపటి వాయిదా కట్టినంతమాత్రమున అది తొలగిపోదు. వారివద్ద బాకీ లేదను పత్రమును, ఫారం 35ను తీసికొని రవాణాశాఖలో ఆ నమోదును కొట్టివేయించుకొనవలెను. ఇన్సూరెన్సు పాలసీలోను ఆ పేరును తీయించుకొనవలెను. బాకీ లేదను పత్రమునకు గడువుండును గనుక దానిని బీరువాలో దాచి ఏండ్లు గడపరాదు. కొట్టివేయించిన ఆర్.సి. చేతికి వచ్చిన తరువాతనే ఆ కారు పూర్తిగా ఆ ఇంటిదగును.